ఊడదీయని స్టాంపు

1873 ఆగస్టులో అమెరికాలోని బోస్టన్ నుంచి కలకత్తాకు ఒక ఉత్తరం బయల్దేరింది. చిరునామా: జేమ్స్ బాంక్రాఫ్ట్, ఐస్ హౌస్, కలకత్తా. బరువైన ఉత్తరం కాబట్టి మామూలు రేటుకు నాలుగింతలు, అంటే ఒక డాలరు 12 సెంట్లు పడింది. 90 సెంట్లది ఒకటి, 12 సెంట్లది ఒకటి, 10 సెంట్లది ఒకటి, మూడు స్టాంపులు అంటించారు. అట్లాంటిక్ దాటి ఇంగ్లండు చేరి, యూరప్ రైళ్ళలో ఇటలీ కొసనున్న బ్రిండిసి రేవుకు వెళ్ళి, మళ్ళీ ఓడెక్కి సూయజ్ దారిన మన దేశానికి వచ్చే తపాలా అది.

ఐస్ హౌస్ అనగానే మనకు మద్రాసు మెరీనా ఒడ్డున గుండ్రంగా కనిపించే భవనం గుర్తొస్తుంది. 1897లో వివేకానందుడు బస చేసిన చోటు. మొదట్లో అది నిజంగానే మంచు గోదాం. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలంలో చెరువుల మీద పేరుకున్న మంచును దిమ్మలుగా కోయించి, రంపపు పొట్టులో పొదిగి ఓడల్లో పంపేవాడు. 1833లో మొదటి ఓడ 180 టన్నులతో కలకత్తాకు బయల్దేరితే, నాలుగు నెలల ప్రయాణం తర్వాత కూడా వంద టన్నుల దాకా కరగకుండా మిగిలింది. నలభై ఏళ్ళ తర్వాత కలకత్తాలోని అలాంటి మంచింటికే వచ్చిన ఉత్తరం ఇది.

దాని మీది 90 సెంట్ల స్టాంపు గురించి కొంచెం చెప్పాలి. అమెరికా తపాలా శాఖ 1869లో ఒక కొత్త వరస తెచ్చింది. అంతదాకా స్టాంపు అంటే వాషింగ్టన్, ఫ్రాంక్లిన్, జెఫర్సన్ లాంటి పెద్దల ముఖాలే. ఈసారి రైలింజను, ఓడ, గుర్రం మీద తపాలా రౌతు, కొలంబస్ నేల మీద కాలుపెట్టిన దృశ్యం వేశారు. పెద్ద ధరల వాటికి రెండు రంగులు వాడారు. జనానికి నచ్చలేదు. మరీ చిన్నగా ఉన్నాయన్నారు, జిగురు పట్టడం లేదన్నారు. మరుసటి ఏడే వాటిని పక్కన పెట్టి మళ్ళీ ముఖాలకు తిరిగొచ్చారు. ఆ వరసలో అన్నిటికన్నా ఖరీదైనది ఎర్ర చట్రంలో నల్లటి లింకన్ బొమ్మ ఉన్న 90 సెంట్ల స్టాంపు.

ఈ లింకన్ స్టాంపులు సుమారు 47 వేలు బయటికి వెళ్ళాయి. విడి స్టాంపులు ఇవాళ్టికీ వేలంపాటలకు వస్తూనే ఉంటాయి. డబ్బుంటే కొనుక్కోవచ్చు. అయితే అంటించిన ఉత్తరం మీదే నిలిచి ఉన్నది మాత్రం లోకంలో ఒక్కటే తెలుసు. అది ఈ కలకత్తా కవరు. సేకర్తలు దానికి ‘ఐస్ హౌస్ కవర్’ అని పేరు పెట్టుకున్నారు. 1967లో ఇండియానాపోలిస్‌లో ఒక సేకర్త దగ్గర్నుంచి దొంగలు ఎత్తుకుపోతే, ఎక్కడుందో తెలియకుండా దాదాపు నలభై ఏళ్ళు గడిచి, 2006లో షికాగోలో బయటపడింది.

47 వేల నుంచి ఒకటికి ఎలా వచ్చింది? స్టాంపుల సేకరణ గురించి నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబే. ఆ జవాబు బెంగళూరులో దొరికింది.

బెంగళూరులో స్టాంపుల లోకం చిన్నదే గానీ గట్టిది. రాజభవన్ రోడ్డులోని జనరల్ పోస్టాఫీసులో ఫిలాటెలిక్ బ్యూరో ఉంది. కర్ణాటక ఫిలాటెలిక్ సొసైటీ 1975 నుంచి నడుస్తోంది. పాత మైసూరు సంస్థానానికి ‘అంచె’ అనే సొంత తపాలా ఉండేది. 1889లో అది బ్రిటిష్ ఇండియా తపాలాలో కలిసిపోయింది. ఆ అంచె ముద్రలున్న ఉత్తరాలంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ మధ్య పందొమ్మిదో శతాబ్దపు అమెరికా స్టాంపులు అడిగేవాడు కొంచెం వింతగానే కనిపిస్తాడు. కానీ ఇంటికొకరు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబాల్లో ఇది అంత వింతేమీ కాదు. సెలవులకు వచ్చే పిల్లలు చాక్లెట్లు తెస్తారు, బాదం పప్పు తెస్తారు, అడిగితే రెండు పాత స్టాంపులూ తెస్తారు. నా ఆల్బం అలాగే నిండింది.

ఆ ఆల్బం చూపించమని అడిగిన పెద్దాయన మల్లేశ్వరంలో ఉంటారు. మదనపల్లె వైపు మనిషి. ఫ్యాక్టరీ టూల్ రూములో పనిచేసి రిటైరైనవారు. బెంగళూరు వచ్చి యాభై ఏళ్ళు దాటినా మాట మారలేదు. పేజీలన్నీ ఓపిగ్గా తిప్పి, భూతద్దం పక్కన పెట్టారు.

“బాగుండాయి నాయనా. మరి వీటి ఉత్తరాలేవీ?”

“ఉత్తరాలెందుకు సార్? స్టాంపులే కదా దాచుకునేది.”

“స్టాంపు అంటే చెల్లించినట్టు గుర్తు. దేనికి చెల్లించినారో అది వద్దా?”

ఆయన లోపలికి వెళ్ళి ఒక ఫైలు తెచ్చారు. అందులోంచి ఒక ఉత్తరం తీసి బల్ల మీద పెట్టారు. కవరు లేదు. నీలం ఛాయ ఉన్న పెద్ద కాగితాన్నే మడతలు మడిచి, అంచును లోపలికి దోపి, వెనక లక్కతో అంటించారు. పై మూల మసక ఎరుపు రంగులో 3 సెంట్ల స్టాంపు. ఎడమ వైపు చూస్తున్న వాషింగ్టన్ ముఖం. చుట్టూ చిల్లులు లేవు, ఎందుకంటే అమెరికా స్టాంపులకు చిల్లులు వచ్చింది 1857లో. అంతకుముందు పోస్టుమాస్టరు కత్తెరతో కత్తిరించి ఇచ్చేవాడు. ఇక్కడ కత్తెర మూడు వైపులా చోటు వదిలి, నాలుగో వైపు చట్రం గీతను ఒరుసుకుంటూ పోయింది. సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేలా గుండ్రటి నల్ల ముద్ర. అందులో ఊరి పేరుంది, నెల ఉంది, తేదీ ఉంది. సంవత్సరం లేదు.

“ఏ సంవత్సరమో చెప్పు” అన్నారు పెద్దాయన.

ఈ స్టాంపు 1851 జులై నుంచి ఆరేళ్ళ పాటు చిల్లులు లేకుండా అమ్ముడైంది. అప్పటి చాలా ఊళ్ళ ముద్రల్లో సంవత్సరం ఉండేది కాదు. స్టాంపు ఒక్కటే చేతిలో ఉంటే రంగు ఛాయను బట్టి అంచనా వేయాలి, అంతే. పెద్దాయన మడత విప్పారు. గోధుమ రంగుకు తిరిగిన సిరాతో ఒక వ్యాపారి పిండి పీపాల లెక్క రాసుకున్నాడు. పైన తేదీ, పక్కనే 1853.

“ఇదీ సంగతి. స్టాంపు ఊడబెరికినావంటే ఆ ఏడు పోయినట్టే.”

కవరెందుకు లేదో కూడా ఆ కాగితమే చెబుతుంది. 1845 దాకా అమెరికాలో తపాలా ఖర్చు కాగితాల లెక్కన ఉండేది. కవరు వేస్తే అదీ ఒక కాగితమే, రెట్టింపు ఛార్జీ. అందుకని రాసిన కాగితాన్నే మడిచి చిరునామా రాసేవారు. 1845 తర్వాత బరువు లెక్క వచ్చినా పాత అలవాటు కొన్నాళ్ళు సాగింది. ఇక 3 సెంట్ల రేటు సంగతి. 1851 నుంచి అర ఔన్సు ఉత్తరానికి ముందుగా డబ్బు కడితే 3 సెంట్లు. కట్టకుండా పంపితే అందుకున్నవాడు 5 సెంట్లు ఇచ్చుకోవాలి. మన బేరింగు ఉత్తరం లాంటిదే. స్టాంపు కొని అంటించేలా జనాన్ని దారికి తెచ్చింది ఈ 2 సెంట్ల తేడానే. 1856 నుంచి స్టాంపు తప్పనిసరి అయింది.

ఈ 3 సెంట్ల స్టాంపు అమెరికా పాత స్టాంపుల్లో అతి మామూలుది. కోట్లలో అచ్చయింది. బెంగళూరులో ఒక మోస్తరు హోటల్లో ఇద్దరు భోంచేసే ఖర్చుకు ఇవాళ్టికీ దొరుకుతుంది. గొప్ప సేకర్తలెవరూ దాన్ని ఏరికోరి చూడని రోజుల్లో, కారల్ చేజ్ అనే వైద్యుడు ఆ ఒక్క స్టాంపునే పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. ఉక్కు పలక మీద 200 బొమ్మలు ఒత్తేవారు. చట్రం గీతలు సరిగా పడకపోతే చెక్కేవాడు చేత్తో మళ్ళీ గీసేవాడు. చేతి పని కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకచోట గీత కిందికి సాగుతుంది, ఇంకోచోట మూల దగ్గర ఆగిపోతుంది. చేజ్ ఆ తేడాలన్నీ పట్టుకుని, చిల్లులు లేని కాలపు పలకల్లోని 2,600 స్థానాలను విడదీసి, ఏ స్టాంపు ఏ పలకలో ఎన్నోదో చెప్పగలిగేలా చేశాడు. 1929లో అదంతా పుస్తకంగా వేశాడు. ఏ పలక ఎప్పుడు వాడకంలోకి వచ్చిందో, ఏ రంగు ఏ నెలలో పుట్టిందో తేల్చడానికి ఆధారం తేదీలున్న ఉత్తరాలే. ఎవరో పారేయకుండా దాచిన పిండి లెక్కలు, పెళ్ళి కబుర్లు, అప్పుల గోడు అన్నీ కలిసి ఆ శాస్త్రానికి పునాది అయ్యాయి.

టూల్ రూములో జీవితమంతా గడిపిన మనిషికి చేజ్ ఎందుకు నచ్చాడో అర్థం చేసుకోవచ్చు. భూతద్దం నా చేతికిచ్చి, స్టాంపు కుడి అంచు చూడమన్నారు. నిలువు గీత ఒకచోట సన్నబడి, మళ్ళీ లావై, పక్కకు వెంట్రుక వాసి జరిగి కిందికి దిగింది. “ఉలి ఎత్తి మళ్ళీ పెట్టినాడు చూడు అక్కడ. పేరు తెలీదు, ఊరు తెలీదు. వాని చెయ్యి మాత్రం కనిపిస్తాండాది” అన్నారు.

రెండో ఉదాహరణ అంతర్యుద్ధం నాటిది. 1861లో దక్షిణ రాష్ట్రాలు విడిపోయినప్పుడు అక్కడి పోస్టాఫీసుల్లో పెద్ద మొత్తంలో స్టాంపులు ఉండిపోయాయి. వాటిని ఉత్తరాదిలో అమ్ముకుని సొమ్ము చేసుకుంటారని వాషింగ్టన్ ప్రభుత్వం అప్పటిదాకా చెల్లుతున్న స్టాంపులన్నిటినీ రద్దు చేసి కొత్తవి తెచ్చింది. పాతవి మార్చుకోవడానికి కొద్ది రోజుల గడువు. మన 2016 నోట్ల రద్దు చూసినవాళ్ళకు ఆ హడావుడి వివరించి చెప్పక్కర్లేదు. గడువు దాటాక పాత స్టాంపు అంటించి ఉత్తరం వేసినవాళ్ళున్నారు. ‘పాత స్టాంపులు చెల్లవు’ అని ఫిలడెల్ఫియా పోస్టాఫీసు ఒక ముద్ర చేయించి అలాంటి ఉత్తరాల మీద కొట్టింది. ఆ స్టాంపును విడిగా చూస్తే చరిత్ర ఏమీ కనిపించదు. మామూలు 3 సెంట్ల స్టాంపే. ముద్రతో సహా కవరుంటే మాత్రం ఒక దేశం రెండుగా చీలిన సంవత్సరం కళ్ళెదుట నిలుస్తుంది.

అరుదైనవాటికి అంత ధర ఎందుకని అడిగేవాళ్ళుంటారు. అరుదైన అమెరికా స్టాంపుల్లో పెద్ద పేరున్నది 1868 నాటి 1 సెంటు ఫ్రాంక్లిన్, ‘జడ్ గ్రిల్’. గ్రిల్ అంటే కాగితం మీద సన్నటి గళ్ళుగా ఒత్తిన గుర్తు. ఆ ఒత్తిడికి కాగితం పీచు విరిగి ముద్ర సిరా లోపలికి ఇంకుతుంది. కడిగి మళ్ళీ వాడకుండా ఆ ఏర్పాటు. జడ్ రకం గ్రిల్ ఉన్న 1 సెంటు స్టాంపులు తెలిసినవి రెండే. ఒకటి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ సంపద. రెండోది 2024లో 43 లక్షల డాలర్లకు పైగా ధర పలికింది. దాని గురించి చదవడం ఆనందమే. కానీ దాని వెనక పరిగెత్తడం మనలాంటి వాళ్ళకు మోసగాళ్ళ దగ్గరికి దారి. ఒత్తిన గ్రిల్లును నకలు చేయడం కష్టం కాదు. చిల్లులున్న స్టాంపు అంచులు కత్తిరించి చిల్లులు లేని రకమని అమ్ముతారు. కలంతో గీసి రద్దు చేసినదాన్ని కడిగి కొత్తదంటారు. అందుకే న్యూయార్క్‌లోని ఫిలాటెలిక్ ఫౌండేషన్ లాంటి సంస్థల ధ్రువపత్రం లేకుండా ఖరీదైన పాత అమెరికా స్టాంపు ముట్టుకోకూడదు. స్టాంపు మీదా కాగితం మీదా కలిసి పడిన ముద్ర, లోపలి తేదీ, ఆనాటి రేటు, ఈ మూడూ ఒకదానికొకటి సరిపోయాయంటే అదీ ఒక సాక్ష్యమే. దొంగ కవర్లు లేకపోలేదు. అయితే మూడింటినీ కలిపి అబద్ధం ఆడటం ఒక్క స్టాంపుతో అబద్ధం ఆడినంత తేలిక కాదు.

ఇప్పుడు 47 వేల లింకన్ల దగ్గరికి వద్దాం. 90 సెంట్లంటే ఆ రోజుల్లో పెద్ద మొత్తం. అంత స్టాంపు పడేది బరువైన కట్టలకు, కోర్టు కాగితాలకు, సముద్రాలు దాటే తపాలాకు. అలాంటివి అందగానే పై కాగితం చింపి లోపలిది తీసుకోవడం ఎవరైనా చేసే పని. చిరిగిన కాగితం పొయ్యిలోకి పోయింది. మిగిలినవాటి మీద సేకర్తల చెయ్యి పడింది. ఆనాటి ఆల్బంలో ఒక్కో గడి ఒక్కో స్టాంపు కొలతకు గీసి ఉండేది. ఉత్తరం పట్టే గడి లేదు. కాబట్టి గిన్నెలో నీళ్ళు, అందులో కవరు ముక్క, పది నిమిషాల్లో స్టాంపు విడిగా, కాగితం చెత్తబుట్టలోకి. ఎవరి మీదా నేరం మోపడానికి లేదు. పనికిరాదనుకున్నది పారేశారు, పనికొస్తుందనుకున్నది దాచారు. లెక్క ఎక్కడ తిరగబడిందంటే, పారేసినదే తర్వాత దొరక్కుండా పోయింది. దాచినది వేలల్లో మిగిలింది.

నేను నేర్చుకున్నది ఇదే. అరుదుతనం అచ్చాఫీసులో పుట్టదు. జనం ఏది పారేస్తారన్న దాన్నిబట్టి పుడుతుంది. ఎంత అచ్చయిందని కాదు, ఎంత మిగిలిందని చూడాలి. మిగలడంలోనూ ఒంటరిగా మిగిలిందా, తన సందర్భంతో సహా మిగిలిందా అనేది ఇంకా పెద్ద ప్రశ్న. స్టాంపు దాచినవాడు ఒక వస్తువును దాచాడు. ఉత్తరంతో కలిపి దాచినవాడు రేటు, దారి, తేదీ, రాసిన చెయ్యి, అందుకున్న ఊరు, ఇవన్నీ దాచాడు. స్టాంపుల లోకంలో ఈ రెండో పనికి తపాలా చరిత్ర అని వేరే శాఖే ఉంది. డబ్బు తక్కువున్న సేకర్తకు అదే సరైన చోటు. అక్కడ పెట్టుబడి చూపు, ఓపిక.

ఈ చూపుతో మన నేల వైపు తిరిగితే బోలెడు పని కనిపిస్తుంది. అమెరికాలో 1869 వరస వచ్చిన ఏడే హైదరాబాదులో నిజాం సర్కారు తన మొదటి స్టాంపు వేసింది. ఆ తర్వాతి ఆసఫియా స్టాంపుల మీద ధర తెలుగు అక్షరాల్లోనూ ఉంటుంది. వాటిని విడి స్టాంపులుగా కొనడం సులువు. నిజాం రాజ్యంలో ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకు నడిచిన ఉత్తరం మీద చూడటం వేరు. ఇక అమెరికాకూ తెలుగు నేలకూ ఉత్తరాల బంధం ఈనాటిది కాదు. 1840లో నెల్లూరు చేరిన శామ్యూల్ డే, 1842లో గుంటూరు వచ్చిన హేయర్, 1866లో ఒంగోలులో మకాం పెట్టిన క్లౌ దొర, అందరూ అమెరికా మిషన్ల మనుషులే. దేశమంతటికీ చెల్లే స్టాంపులు మన దగ్గర 1854లో వచ్చాయి. అంతకుముందు డే, హేయర్ ఇళ్ళకు రాసిన ఉత్తరాల మీద స్టాంపుండే వీలే లేదు. ఆల్బం గడుల లెక్కన చూస్తే అవి సున్నా. గుంటూరు, నెల్లూరు చరిత్ర రాసేవాడికి మాత్రం వాటి విలువ ఏ జడ్ గ్రిల్లుకూ తీసిపోదు.

మన ఇళ్ళలో ఉన్నవి ఇంకా దగ్గరివి. ఇన్‌లాండ్ లెటర్ 1950లో వచ్చింది. ఒక తరం ప్రేమలు, పంచాయితీలు, పురుళ్ళు, పరీక్షా ఫలితాలు అన్నీ ఆ నీలం కాగితంలోనే నడిచాయి. టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కోట్లలో ఉండేవి కాబట్టి వీటిని ఎవరూ దాచరు. సరిగ్గా అందుకే ఒకనాటికి దొరకవు. ధర వస్తుందని నేను చెప్పడం లేదు. రాకపోవచ్చు కూడా. బెంగళూరుకు ఉద్యోగానికి వచ్చిన ఒక తెలుగు కుర్రాడు 1972లో ఇంటికి రాసిన కార్డులో గది అద్దె ఎంతో, మెస్సులో భోజనం ఎలా ఉందో, ఊరి బస్సు ఎక్కడ ఎక్కాడో ఉంటుంది. ఇంకే పుస్తకంలోనూ అది దొరకదు.

కాబట్టి అడిగేది ఒకటే. ఇంట్లో పాత ఉత్తరాల కట్ట ఉంటే స్టాంపు కోసం మూల కత్తిరించకండి, నీళ్ళలో వేయకండి. సెల్లోటేపు, స్టేప్లరు పిన్ను, లామినేషన్, మూడూ కాగితానికి శత్రువులు. రబ్బరు బ్యాండు తీసేయండి, కరిగి అంటుకుపోతుంది. తేమ తగలని చోట, మెత్తటి తెల్లకాగితం మధ్య పెట్టండి. ఎవరు ఎవరికి రాశారో, చుట్టరికమేమిటో, ఏ ఊరో విడి చీటీ మీద పెన్సిలుతో రాసి దానితో ఉంచండి. ఆ వివరాలు చెప్పగలిగే పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఇప్పుడున్నారు. ఈ వారమే అడగండి.